సొట్టా, పగులా? ట్రైల్ బండికి రిమ్ము ఎంచుకోవడం

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

ట్రైల్ బళ్లు, అంటే రోడ్డు లేని రాళ్లలో బురదలో తిరిగే జీపుల్లాంటివి, ఉన్నవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ వాదన రాక మానదు. ఒకాయన "స్టీలు వంగుతుంది గానీ విరగదు" అంటాడు. ఇంకొకాయన "అంత బరువు ఈడ్చుకు తిరగడం దేనికి, అల్లాయ్ వేసుకో" అంటాడు. ఇద్దరూ చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. నా పక్షమేమిటో ముందే చెప్పేస్తాను. ఏది గట్టిది అని మొదలుపెడితే ఈ తగువు ఎప్పటికీ తేలదు. రిమ్ము దెబ్బతిన్నాక, మీరున్న చోటి నుంచి, మీ డిక్కీలో ఉన్న సామానుతో బయటికి రాగలరా? అక్కడ మొదలుపెట్టండి. చాలామందికి జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఈ రెండు ముక్కలూ చూడండి. పాత రిమ్ముల్ని అడ్డంగా కోయించి తెచ్చాను. ఇది స్టీలుది. అంచు దగ్గర మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. పొడవాటి రేకును గుండ్రంగా చుట్టి, రెండు కొసలూ కలిపి వెల్డింగ్ చేసి, రోలర్ల మధ్య నొక్కి ఈ ఆకారం తెస్తారు. మధ్యలో ఉండే డిస్కును ప్రెస్సులో విడిగా కొట్టి, ఆ తర్వాత దీనికి అతుకుతారు. ఇదేమో అల్లాయ్, అంటే అల్యూమినియం మిశ్రమం. మందం దాదాపు రెట్టింపు. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసింది. ఎక్కువగా వాడేది ఏ356 అనే మిశ్రమం. అందులో 7 శాతం దాకా సిలికాన్, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. పోత పోశాక బాగా వేడి చేసి, నీళ్లలో ముంచి, మళ్లీ తక్కువ వేడి మీద కొన్ని గంటలు ఉంచుతారు. దీన్నే టీ6 అంటారు. ఈ రిమ్ము బలంలో పెద్ద వాటా ఆ వేడిదే. వెల్డింగ్ సంగతి వచ్చినప్పుడు ఈ మాటతో పని పడుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, అల్యూమినియంది 2.7. అంటే మూడో వంతు. మరి అల్లాయ్ రిమ్ము స్టీలు రిమ్ములో మూడో వంతే తూగాలి కదా? తూగదు. ఎందుకంటే అల్యూమినియం వంగకుండా నిలబడే గుణం కూడా స్టీలులో మూడో వంతే. స్టీలుది 200 గిగాపాస్కల్స్ అయితే దీనిది 70. ఆ లోటు పూడ్చడానికే మందం పెంచుతారు. 3 మిల్లీమీటర్ల స్టీలు రేకు బదులు 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పెట్టామనుకోండి. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. ఎనిమిదిని 0.35తో, అంటే 70ని 200తో భాగిస్తే వచ్చేదానితో, గుణిస్తే 2.8. స్టీలు బిగువుకు అన్ని రెట్లన్నమాట. బరువేమో స్టీలులో 70 శాతం దగ్గర ఉంటుంది. అంటే బరువు తగ్గిన మాట నిజమే, మూడో వంతుకు మాత్రం కాదు. కానీ ఆ అంచు వంగడానికి స్టీలు అంచు కన్నా ఎక్కువ మొండికేస్తుంది.

ఇది చాలామందికి మింగుడుపడదు. రాయి తగిలినప్పుడు ముందుగా వంగేది తరచూ స్టీలు రిమ్మే. అదే దెబ్బకు అల్లాయ్‌కి గీత మాత్రం పడి ఊరుకోవచ్చు. "స్టీలు గట్టిది" అనేవాళ్లు ఈ మాట చెప్పరు. అయితే దెబ్బ ఇంకాస్త పెద్దదైతే కథ తిరగబడుతుంది. మామూలు మైల్డ్ స్టీలు ముక్కను లాగితే, తెగేలోపు తన పొడవులో 20 నుంచి 30 శాతం సాగుతుంది. పోత అల్యూమినియం సాధారణంగా 10 శాతం లోపే తెగిపోతుంది. హద్దు దాటాక స్టీలు సాగుతూ, మడతపడుతూ, దెబ్బను తనలోకి తీసుకుంటుంది. పోత అల్యూమినియానికి అంత ఓపిక లేదు, పగులుతుంది. సొట్టపోయిన బిందెలో నీళ్లు నిలుస్తాయి, బీటవారిన కుండలో నిలవవు. ట్యూబ్‌లెస్ టైరులో గాలి సంగతీ అంతే.

అలాగని స్టీలు ఎన్నటికీ విరగదనుకోకండి. డిస్కుకు ఉండే గాలి కన్నాల చుట్టూ, నట్టు రంధ్రాల చుట్టూ, డిస్కును రిమ్ముకు అతికిన వెల్డింగ్ దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. బరువెక్కువ వేసుకుని గతుకుల్లో ఏళ్ల తరబడి తిరిగిన బళ్లకు ఇది కొత్తేమీ కాదు. స్టీలుకు ఉన్న సుగుణం ఏమిటంటే, ఒక హద్దుకు లోపల ఉండే ఒత్తిడిని ఎన్ని లక్షలసార్లు ఇచ్చినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న ఒత్తిడులు కూడా ఎక్కడో లెక్కలోకి చేరుతూనే ఉంటాయి. అందుకే అల్లాయ్ రిమ్ము తయారుచేసేవాళ్లు మందం ధారాళంగా ఇస్తారు. మంచివాళ్లు ఇస్తారు. మిగతావాళ్ల సంగతికి కాసేపట్లో వస్తాను.

ట్రైల్ మీద దెబ్బ ఎక్కడ తగులుతుందో కూడా చూడాలి. అందరూ బయటి అంచు చూసి, గీతలు లెక్కపెట్టి బాధపడతారు. నిజానికి ఎక్కువగా వంగేది లోపలి అంచు, అంటే షాకబ్జార్బర్ వైపుది. బయటి అంచుకు డిస్కో, స్పోకులో దగ్గర్లోనే ఉండి దన్నుగా నిలుస్తాయి. లోపలి అంచుకు ఆ ఆసరా లేదు. బండి కింద దూరి టార్చి వేసి చూస్తే తప్ప అది కనిపించదు. ఏ లోహమైనా సరే, ట్రైల్ నుంచి వచ్చాక బురద కడిగి లోపలి అంచు మొత్తం ఒక చుట్టు చూడండి. అల్లాయ్‌లో పగులు నల్లటి సన్నని గీతలా కనిపిస్తుంది, బ్రేకు దుమ్ము అందులోకి చేరి ఉంటుంది. అనుమానంగా ఉంటే సబ్బునీళ్లు రాయండి. బుడగలు వచ్చాయా, ఇక ఆ రిమ్ముతో పని లేదు.

ఇప్పుడు స్టీలు రిమ్ము వంగితే ట్రైల్ మీదే ఏం చేస్తారో చూద్దాం, ఎందుకంటే స్టీలుకు ఓటు వేసేవాళ్ల అసలు బలం ఇక్కడే ఉంది. అంచు లోపలికి మడతపడింది, టైరు పక్క నుంచి గాలి పోతోంది. చక్రం ఊడదీయండి. మిగిలిన గాలి మొత్తం తీసేయండి, ఇది తప్పనిసరి. ఆ వంగిన చోట బీడును, అంటే రిమ్ముకు పట్టుకుని ఉండే టైరు గట్టి అంచును, రిమ్ము నుంచి లోపలికి నెట్టండి. జాకీ బండి కింద పెట్టి టైరు మీద నొక్కిస్తే బీడు దిగుతుంది. చక్రాన్ని చదునైన రాయి మీద పడుకోబెట్టి, లోపలివైపు నుంచి బయటికి, మధ్యలో ఒక చెక్కముక్క అడ్డుపెట్టి, బరువైన సుత్తితో కొట్టండి. ఒక్క దెబ్బకే సరిచేయాలని చూడొద్దు. వంపు మొదలైన రెండు చివరల నుంచి మధ్యకు వస్తూ కొద్దికొద్దిగా తేవాలి. పెద్ద అడ్జస్టబుల్ స్పానర్ ఉంటే దాని నోట్లో అంచును ఇరికించి వెనక్కి వంచినా సరే. అచ్చం మునుపటిలా గుండ్రంగా రాదు, రానక్కర్లేదు కూడా. బీడు కూర్చునే చోటు గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లు రాసి, కంప్రెసర్ పెట్టండి. ఎక్కడో కాస్త బుసకొడుతూ ఉంటే ట్యూబు ఒకటి లోపల వేసి ఇంటికి రావచ్చు.

ఈ పనంతా అల్లాయ్‌కి కుదరదా అంటే, చిన్న వంపు అయితే కొన్నిసార్లు కుదురుతుంది. కానీ కొట్టే ప్రతి దెబ్బకూ పగులు తెరుచుకునే టెన్షన్ ఉంటుంది. పగిలినదాన్ని ట్రైల్ మీద ఎవరూ ఏమీ చేయలేరు. స్టెప్నీ వేసుకోవడమే. రెండో చక్రం కూడా పోయిందా, ఇక నడకే.

ఒక హెచ్చరిక. టైరు ఎక్కి ఉన్న రిమ్ముకు మంట పెట్టడం, వెల్డింగ్ చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గాలి తీసేశాం కదా అని కూడా వద్దు. లోపల రబ్బరు ఆవిర్లు పోగై పేలే ప్రమాదం ఉంది, మనుషులు పోయిన సందర్భాలు ఉన్నాయి. స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీసి బీడు ఎక్కించే వీడియోలు మీరూ చూసే ఉంటారు. చూసి వదిలేయండి.

సరే, బరువు. రిమ్ము బరువు స్ప్రింగుల కింద వేలాడే బరువు. బండి బరువు స్ప్రింగుల మీద ఉంటుంది, చక్రానిది నేరుగా నేల దెబ్బ తింటుంది. అది ఎంత తక్కువైతే, గతుకుల్లో చక్రం నేలను అంత బాగా పట్టుకుంటుంది. పైగా చక్రం తిరగాలి, ఆగాలి. దానికి ఇంజనూ బ్రేకూ పనిచేయాలి. ఇదంతా నిజమే. కానీ ఒక్కసారి తూకం వేసి చూడండి. ఒకే కొలత ఉన్న స్టీలు, అల్లాయ్ రిమ్ముల మధ్య తేడా మామూలుగా నాలుగైదు కిలోలు. కొన్ని బరువైన ఆఫ్‌రోడ్ అల్లాయ్‌లకు ఆ తేడా కూడా ఉండదు. 33 అంగుళాల మడ్ టైరు ఒక్కటే 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. ఆ బరువు రిమ్ము కన్నా ఇంకా బయట, చక్రం కొసన తిరుగుతుంది. కాబట్టి తిప్పడానికీ ఆపడానికీ దాని భారం మరీ ఎక్కువ. నాలుగు కిలోల కోసం అల్లాయ్ కొని, ఆ తర్వాత చూడ్డానికి బాగుందని ఒక సైజు పెద్ద టైరు ఎక్కించేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. ముందు టైరు సంగతి తేల్చుకోండి.

టైరన్నాం కాబట్టి గాలి గురించి కూడా చెప్పాలి. రిమ్ము బతుకు సగం ఇక్కడే తేలుతుంది. రోడ్డు మీద 32, 35 పీఎస్ఐ ఉంచేవాళ్లు ఇసుకలో, రాళ్లలో 15 దగ్గరికి దింపుతారు. పట్టు బ్రహ్మాండంగా వస్తుంది. కానీ టైరు పక్కగోడ ఎంత మెత్తబడితే రాయికీ రిమ్ముకీ మధ్య దూరం అంత తగ్గుతుంది. గాలి తగ్గించి వేగం తగ్గించకపోతే ఏ లోహమూ కాపాడదు. అలాగే పక్కగోడ ఎత్తు. 32 అంగుళాల టైరును 15 అంగుళాల రిమ్ముకు వేస్తే పక్కగోడ ఎనిమిదిన్నర అంగుళాలు, 18 అంగుళాల రిమ్ముకు వేస్తే ఏడే. ఆ అంగుళంన్నర రబ్బరు కాపాడినంతగా లోహం ఎంపిక కాపాడదని నా అభిప్రాయం. రిమ్ము లోపల మీ బ్రేకు క్యాలిపర్, అంటే బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం, తగలకుండా పట్టేంత చిన్న రిమ్ము తీసుకోండి.

15 కన్నా ఇంకా బాగా కిందికి, 8 పీఎస్ఐ దాకా దింపాలనుకునేవాళ్లకు బీడ్‌లాక్ రిమ్ములున్నాయి. టైరు బయటి బీడును రెండు రింగుల మధ్య పెట్టి, చుట్టూ రెండు డజన్లకు పైగా బోల్టులతో బిగిస్తారు. బోల్టులన్నీ ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించాలి, కొన్నాళ్లకోసారి మళ్లీ చూసుకోవాలి. రాళ్ల పోటీల్లో దిగే బళ్లకు ఎక్కువగా అల్యూమినియం బీడ్‌లాక్‌లే కనిపిస్తాయి. అది చూసి అల్యూమినియమే గొప్పదని తీర్మానించకండి. వాళ్ల వెనక స్టెప్నీలు, మెకానిక్కులు, ట్రక్కు ఉంటాయి. పగిలితే మార్చుకుని వెళ్తారు. చాలా చోట్ల బీడ్‌లాక్‌లకు మామూలు రోడ్డు మీద అనుమతి కూడా ఉండదు, మీ నిబంధనలు చూసుకోండి. ఇంక, ఉత్తుత్తి బోల్టులు బిగించి బీడ్‌లాక్‌లా కనిపించే రిమ్ములు కూడా అమ్ముతున్నారు. వాటిని సోకు ఖాతాలో వేసుకోండి.

నట్ల గురించి ఎవరూ మాట్లాడరు. అల్లాయ్ రిమ్ము మధ్యభాగం మందంగా ఉంటుంది కాబట్టి స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మరల కడ్డీ, బయటికి తక్కువ వస్తుంది. నట్టుకు చాలినన్ని చుట్లు పడుతున్నాయో లేదో చేత్తో తిప్పి లెక్కపెట్టండి. కొన్ని కంపెనీ అల్లాయ్‌లకు చదునైన వాషరున్న పొడవాటి నట్లు వస్తాయి. స్టీలు రిమ్ముకు ముందు భాగం కోసుగా ఉన్న నట్లు కావాలి. నాలుగు అల్లాయ్‌లు వేసుకుని స్టెప్నీ మాత్రం స్టీలుది పెట్టుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చీకట్లో వానలో చక్రం మార్చేటప్పుడు, చేతిలో ఉన్న నట్టు ఆ రంధ్రంలో సరిగ్గా కూర్చోదు. ఇంటి దగ్గరే ఒకసారి స్టెప్నీ బిగించి చూసుకోండి. క్యాలిపర్‌కు తగలకుండా తిరుగుతోందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది.

బిగింపు సంగతి రెండింటికీ ఒకటే. కొత్త రిమ్ము ఎక్కించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మళ్లీ టార్క్ రెంచితో, అంటే ఎంత బిగించామో అంకెలో చూపే రెంచితో, చూడాలి. అల్యూమినియం వేడికి స్టీలు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. బ్రేకులు వేడెక్కీ చల్లారీ బిగింపు సర్దుకుంటుంది. స్టీలు రిమ్ముకేమో వేరే బెడద. మళ్లీ పెయింటు వేయించినప్పుడు హబ్బు (చక్రాన్ని బిగించే మధ్య భాగం) తాకే ముఖం మీద, నట్టు కూర్చునే చోట మందంగా పడితే, ఆ పొర నలిగి నట్లు వదులవుతాయి. అక్కడ పెయింటు పడకుండా టేపు వేయమని ముందే చెప్పండి.

తుప్పు గురించి క్లుప్తంగా. స్టీలు గీసుకుపోతే తుప్పు పడుతుంది. బీడు కూర్చునే చోట పడితే గాలి మెల్లగా దిగుతుంది, తీగల బ్రష్షుతో గీకి పెయింటు వేస్తే సరి. అల్లాయ్ తుప్పు పట్టదంటారు గానీ, ఉప్పునీళ్లు తగిలే చోట తిరిగితే తెల్లటి పొడిలా పొంగుతుంది, స్టీలు హబ్బుకు అతుక్కుపోతుంది కూడా. నట్లన్నీ తీసినా చక్రం ఊడి రాదు. హబ్బు మధ్య గుండ్రం మీద యాంటీసీజ్ అనే, లోహాలు అతుక్కోకుండా చేసే పేస్టు పల్చగా రాస్తే ఆ పీడ ఉండదు. స్టడ్డు మరలకు మాత్రం రాయొద్దు, రాస్తే టార్క్ రెంచి చూపించే అంకెకూ అసలు బిగింపుకూ పొంతన ఉండదు.

ఇందాక మంచివాళ్లు, మిగతావాళ్లు అన్నాను. అల్లాయ్‌లో పోత సరిగా లేకపోతే లోపల గాలి బుడగలు ఉంటాయి, పైకి తెలియదు. అందుకే వెనకవైపు ముద్రలు చూడాలి. జేడబ్ల్యూఎల్ అంటే జపాన్ అల్లాయ్ రిమ్ముల ప్రమాణం. అది తయారీదారు తానే వేసుకునే ముద్ర. పక్కన వీఐఏ అని కూడా ఉంటే, బయటి సంస్థ పరీక్షించి నమోదు చేసిందని అర్థం. మోయగల బరువు కూడా రాసి ఉంటుంది. మీ బండి వెనక యాక్సిల్ గరిష్ఠ బరువు 1,600 కిలోలైతే ఒక్కో రిమ్ము కనీసం 800 మోయాలి. ట్రైల్‌కి ఇంకొంత మిగులు ఉండాలి. ఏ ముద్రా లేని రిమ్ము ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు.

ఇక నేనేం వేసుకుంటానో చెప్పమంటారు. రోజులకు రోజులు మనుషులు కనిపించని దారుల్లోకి, ఒకే బండితో, సామాను నింపుకుని వెళ్లేవాళ్లయితే స్టీలు. రెండో ఆలోచన వద్దు. గుంపుగా వెళ్లి సాయంత్రానికి తారురోడ్డు ఎక్కేవాళ్లకు, వారమంతా అదే బండి రోడ్డు మీద నడిపేవాళ్లకు, ముద్రలున్న మంచి అల్లాయ్ హాయిగా ఉంటుంది. ఇసుకలో ఎక్కువగా తిరిగేవాళ్లకు రాళ్ల దెబ్బ తక్కువ, బరువు లెక్క ఎక్కువ, కాబట్టి అల్లాయ్. నేను స్టీలు మీద ఉన్నాను, నా దారులు అలాంటివి. ప్రశ్నలుంటే అడగండి.

(ఫోర్జ్డ్ అల్లాయ్ తీసుకుంటే బరువు, పగులు అనే రెండు గొడవలూ పోతాయి కదా అని ఒకరు అడిగారు.)

చాలామటుకు పోతాయి. అచ్చులో పోయకుండా, గట్టి దిమ్మెను ప్రెస్సుతో అణచి చేస్తారు. లోపల బుడగలుండవు, పోత కన్నా బాగా సాగుతుంది, తక్కువ మందంతో పని జరుగుతుంది. ఖరీదు మాత్రం చేదు. అందులోనూ వంగితే సుత్తితో సరిచేసే సుఖం ఉండదు. ఐదూ ఫోర్జ్డ్ కొనగలిగితే కొనండి. అది కష్టమనిపిస్తే ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

(పగిలిన అల్లాయ్‌కి వెల్డింగ్ చేసి ఇస్తామంటున్నారు, చేయించుకోవచ్చా?)

ఇందాకటి టీ6 గుర్తుందా? వెల్డింగ్ వేడి తగిలిన చుట్టుపక్కలంతా ఆ బలం పోతుంది. అతుకు నిలవచ్చు, దాని పక్కనే మళ్లీ పగులుతుంది. బయట అంచు మీద చిన్న చెక్కు పోతే అందం కోసం నింపించుకుంటే నింపించుకోండి. స్పోకులో, నట్టు రంధ్రాల దగ్గర, బీడు కూర్చునే చోట పగులుంటే తుక్కు కింద ఇచ్చేయండి.

(బురద ట్రైల్ దిగి హైవే ఎక్కగానే స్టీరింగ్ వణుకుతోంది. రిమ్ము వంగినట్టేనా?)

ముందు కడగండి. రిమ్ము లోపలి గోడకు అరకిలో బురద ఒకవైపు అంటుకుని ఎండితే చాలు, అలాగే వణుకుతుంది. కడిగినా తగ్గకపోతే చక్రాన్ని జాకీ మీద లేపి, అంచుకు దగ్గరగా ఒక స్క్రూడ్రైవర్ కదలకుండా పట్టుకుని చక్రం తిప్పండి. లోపలి అంచు దగ్గర కూడా అలాగే చూడండి. మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ము వంగింది. రిమ్ము తిన్నగా తిరుగుతూ టైరు ఊగుతుంటే బీడు సరిగా కూర్చోలేదు, లేదా టైరే పాడైంది. రెండూ తిన్నగా ఉంటే బ్యాలెన్సింగ్ బిళ్లలు, అంటే చక్రం బరువు అన్నివైపులా సమంగా ఉండేందుకు పెట్టేవి, చూడండి. స్టీలు అంచుకు గుచ్చిన బిళ్లను రాయి ఊడబీకుతుంది, అల్లాయ్ లోపల అంటించినదాన్ని బురద లాక్కుపోతుంది. బిళ్ల ఉన్న చోట జిగురు మచ్చ మాత్రమే కనిపిస్తే, మళ్లీ బ్యాలెన్సింగ్ చేయిస్తే సరిపోతుంది.